స్టూడెంట్ రేటుకి ఆటోక్యాడ్, ఆఫీస్: కాలేజీ మెయిల్ లేనివాళ్లు ఎట్లా తీసుకుంటున్నారు?

కరకంబాడి_కుర్రోడు

అన్నలకి, అక్కలకి నమస్తే. తిరుపతి దగ్గర ఒక ప్రైవేట్ కాలేజీలో సివిల్ మూడో సంవత్సరం చదువుతున్నా, జేఎన్‌టీయూ అనంతపురం అఫిలియేషన్. ఈ సెమిస్టర్‌లో మినీ ప్రాజెక్టుకి డ్రాయింగులు గీసే ఆటోక్యాడ్, బిల్డింగ్ మోడల్ చేసే రెవిట్ కావాలి, రిపోర్టుకి వర్డ్ కావాలి. ల్యాబ్‌లో అన్నీ ఉన్నాయి కానీ సాయంత్రం కాలేజీ బస్సు టైముకి తాళం పడిపోతుంది, ఆదివారం అసలు తెరవరు. అందుకే పోయిన నెల నాన్న కొత్త లాప్‌టాప్ కొనిచ్చాడు, విండోస్ 11 ఉంది, 8 జీబీ ర్యామ్.

విషయం ఏందంటే, టెలిగ్రామ్‌లో ఒక గ్రూపు ఉంది, అందులో ఆఫీస్ 365 లైఫ్‌టైమ్ అయిదు డివైజ్‌లకి 499 అంట, ఆటోక్యాడ్ స్టూడెంట్ అకౌంట్ 900 అంట, డబ్బులు ఫోన్‌పే చేస్తే ఐడీ, పాస్‌వర్డ్ పంపిస్తాడు. మా క్లాసులో ఇద్దరు ముగ్గురు తీసుకున్నారు, పనిచేస్తా ఉందనే అంటున్నారు. కంపెనీ వాళ్లే స్టూడెంట్స్‌కి తక్కువకో ఫ్రీగానో ఇస్తారని కూడా విన్నా కానీ దానికి కాలేజీ మెయిల్ అడుగుతారంట, మా కాలేజీలో ఎవరికీ మెయిల్ ఇవ్వలేదు, ఫ్యాకల్టీ కూడా జీమెయిలే వాడతారు. ఇంకోటి, నా ఐడీ కార్డు మీద ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంది, ఆధార్‌లో మాత్రం మొత్తం ఉంది. దీనివల్ల ఏమన్నా ఇబ్బందా? కార్డు కూడా రూపే డెబిట్ కార్డే, డాలర్లలో కట్టమంటే కుదురుతుందా లేదా అదొక టెన్షన్. నాన్న 5000 దాకా అయితే పర్లేదు అన్నాడు కానీ పోతే మళ్లీ అడగలేను. ఎవరైనా ఇదంతా చేసినవాళ్లు ఉంటే కొంచెం వివరంగా చెప్పండి ప్లీజ్.

లీలామహల్_సర్వీస్

తమ్ముడూ, ఎవరికీ రూపాయి పంపకముందు లాప్‌టాప్ బిల్లు తీసి చూడు, అట్టపెట్టె మీద స్టిక్కర్ కూడా చూడు. మన దగ్గర ఇప్పుడు అమ్మే లాప్‌టాప్‌లలో చాలావాటికి ఆఫీస్ హోమ్ అని గానీ, హోమ్ అండ్ స్టూడెంట్ అని గానీ కలిపే ఇస్తారు, దాని ధర లాప్‌టాప్ ధరలోనే ఉంటుంది. మేము సర్వీస్ చేసే షాపుకి వచ్చేవాళ్లలో సగం మందికి ఆ సంగతే తెలియదు, వర్డ్ తెరిచినప్పుడు సైన్ ఇన్ అవ్వమని అడిగితే మూసేసి వేరేది కొనుక్కుంటారు.

నీకు ఉందనుకో, నెట్ ఆన్ చేసి వర్డ్ తెరువు, నీ సొంత మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అవ్వు. సొంత అకౌంట్ అని ఎందుకు నొక్కి చెప్తున్నానంటే, ఆ లైసెన్సు ఏ అకౌంట్‌కి అంటుకుంటే దానికే ఉండిపోతుంది, షాపువాడు తన మెయిల్‌తోనో మీ మామయ్య మెయిల్‌తోనో చేసేస్తే రేపు ఫార్మాట్ కొట్టినప్పుడు మళ్లీ వాళ్ల చుట్టూ తిరగాలి. ఈ లాప్‌టాప్‌తో పాటు వచ్చింది ఈ లాప్‌టాప్‌కే, ఇంకోదానికి మార్చుకోవడం కుదరదు. ఇంకో మెలిక ఉంది, విండోస్ మొదటిసారి ఆన్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోపల దీన్ని యాక్టివేట్ చేసుకోవాలి, తర్వాత ఆ ఆఫర్ చెల్లదు. నువ్వు కొన్నది పోయిన నెలే కాబట్టి టైమ్ ఉంది. స్క్రీన్ మీద మైక్రోసాఫ్ట్ 365 ఒక నెల ట్రయల్ అని కూడా ఊరిస్తుంది, దానికి కార్డు నంబర్ అడుగుతుంది, అది వేరు ఇది వేరు, తొందరపడి దాన్ని నొక్కవాకు.

ఇంక ఆ 499 సంగతి. వీటిల్లో నేను చూసినవి రెండు రకాలు. ఒకటి, కీ పంపిస్తారు. అది ఏదో కంపెనీ తన ఉద్యోగుల కోసం గుత్తగా తీసుకున్న కీ అయి ఉంటుంది, బయట వందల మందికి అమ్మేసరికి ఒకరోజు మైక్రోసాఫ్ట్ దాన్ని బ్లాక్ చేస్తుంది. లేకపోతే కేఎంఎస్ అనే పద్ధతిలో యాక్టివేట్ చేస్తారు, కంపెనీ లోపల ఒక సర్వర్ ఉండి మిషన్లన్నీ దాన్ని అడిగి 180 రోజులకి ఒకసారి పొడిగించుకునే ఏర్పాటు అది, ఇంట్లో ఉన్న నీ లాప్‌టాప్‌కి ఆ సర్వర్ ఎక్కడ దొరుకుతుంది? అందుకే అమ్మినవాడు ఆర్నెల్లు దొరలా తిరుగుతాడు, ఆ తర్వాత ఫోన్ ఎత్తడు.

రెండోది నువ్వు చెప్పినట్టు ఐడీ, పాస్‌వర్డ్ పంపించే రకం. ఇది ఇంకా ప్రమాదం అంటాను నేను. ఎక్కడో ఒక కాలేజీ పేరుమీదో సంస్థ పేరుమీదో ఉన్న అడ్మిన్ ఖాతాలో నీకొక పేరు సృష్టించి ఇస్తారు. అడ్మిన్ ఎవరో నీకు తెలియదు, వాడు ఎప్పుడు కావాలంటే అప్పుడు నీ పాస్‌వర్డ్ మార్చగలడు, అకౌంట్ తీసేయగలడు, నువ్వు వన్‌డ్రైవ్‌లో పెట్టిన ఫైళ్లు తెరిచి చూడగలడు. నీ ప్రాజెక్టు రిపోర్టు తీసుకెళ్లి ఊరూ పేరూ తెలియనివాడి బీరువాలో పెట్టి తాళం కూడా వాడికే ఇచ్చినట్టు. మీ క్లాసువాళ్లది పనిచేస్తా ఉంది అంటే ఇంకా పోలేదని అర్థం, అంతే. కావాలంటే వాళ్ల వర్డ్‌లో ఫైల్ నొక్కి అకౌంట్‌లోకి పోయి ఎవరి పేరుమీద ఉందో చూడమను, మెయిల్ చివర ఏ ఊరిదో ఏ దేశానిదో తెలియని పేరు ఉంటుంది.

పెన్‌డ్రైవ్_బాబు

ఇంత కథ ఎందుకు బ్రో. క్రాక్ వేసుకో. మా హాస్టల్‌లో ఒక్క పెన్‌డ్రైవ్‌తో బ్లాక్ మొత్తానికి ఎక్కించాం, నాలుగేళ్లు నడిచింది. స్టూడెంట్‌ని ఎవడు పట్టుకుంటాడు

లీలామహల్_సర్వీస్

పట్టుకోవడం సంగతి కాదు బాబూ. ఆ క్రాక్ వేసేముందు మొదటి మెట్టు ఏంది? యాంటీవైరస్ ఆపమంటుంది. తలుపు తీసిపెట్టాక లోపలికి వచ్చింది ఒక్క ఆటోక్యాడే అని ఎట్లా చెప్తావు? ఆ పేర్లతో తిరిగే యాక్టివేటర్లలో పాస్‌వర్డ్‌లు ఎత్తుకుపోయేవి కలిపి పెట్టడం పాత ముచ్చటే. ఇన్‌స్టా పోయింది, జీమెయిల్ పోయింది అని మా దగ్గరికి తెచ్చే లాప్‌టాప్‌లలో ఇట్లాంటివే ఎక్కువ. పైగా తమ్ముడు అడిగే ఆటోక్యాడ్ అసలు స్టూడెంట్‌కి ఫ్రీ, ఫ్రీగా ఇచ్చేదాన్ని దొంగతనం చేయడం ఏం తెలివి?

ఎయిర్‌బైపాస్_సివిల్

పైన అన్న చెప్పింది కరెక్ట్. నేను స్ట్రక్చరల్ డిజైన్ ఆఫీసులో పనిచేస్తా, మా దగ్గరికి ఇంటర్న్‌షిప్‌కి వచ్చే పిల్లలకి ప్రతి ఏడాదీ ఇదే చెప్తుంటా కాబట్టి వివరంగా రాస్తున్నా.

ఆటోక్యాడ్, రెవిట్, ఫ్యూజన్, త్రీడీఎస్ మ్యాక్స్ ఇవన్నీ ఆటోడెస్క్ వాళ్లవి. చదువుకునేవాళ్లకి ఎడ్యుకేషన్ యాక్సెస్ అని పూర్తి సాఫ్ట్‌వేర్ ఉచితంగా ఇస్తారు, కోత పెట్టిన వెర్షన్ కాదు. ఒకసారి ఓకే అయితే ఏడాది నడుస్తుంది, చదువు ఇంకా నడుస్తుంటే మళ్లీ చూపించి ఇంకో ఏడాది తీసుకోవచ్చు. దీనికి కార్డు అక్కర్లేదు, డాలర్లూ అక్కర్లేదు, కాబట్టి నీ రూపే టెన్షన్ ఇక్కడితో వదిలెయ్. ఎవరైనా ఆటోడెస్క్ స్టూడెంట్ లైసెన్సుకి డబ్బులు అడిగారంటే, వాళ్లు నీకు అమ్మేది వేరే ఎవరి పేరుమీదో తీసిన అకౌంట్. ఆ 900 అదే.

కాలేజీ మెయిల్ ఉంటే పని సులువు అవుతుంది గానీ లేకపోతే ఆగిపోదు. మామూలు జీమెయిల్‌తోనే అకౌంట్ తెరిచి, నువ్వు ఫలానా కాలేజీలో చదువుతున్నావని చూపించే కాగితం అప్‌లోడ్ చేయొచ్చు. ఆ కాగితంలో మూడు విషయాలు కనపడాలి: నీ పూర్తి పేరు, కాలేజీ పేరు, ఈ విద్యా సంవత్సరానిదే అని తెలిసే తేదీ. మనవాళ్లకి రిజెక్ట్ అయ్యేది ఎక్కువగా ఈ మూడో దగ్గరే. మన ఐడీ కార్డులమీద బ్యాచ్ ఇన్నేళ్ల నుంచి ఇన్నేళ్లకి అని చిన్నగా వెనకవైపు ఉంటుంది, కొన్నిటిమీద బ్లడ్ గ్రూపు ఉంటుంది గానీ సంవత్సరం ఉండదు! ముందువైపు ఒక్కటే ఫోటో తీసి పంపిస్తే అవతల చూసేవాడికి నువ్వు ఇప్పుడు చదువుతున్నావో పదేళ్ల కింద చదివావో ఎట్లా తెలుస్తుంది. ఈ ఏడాది ఫీజు రసీదు గానీ, తేదీ వేసిన బోనఫైడ్ గానీ అయితే బలంగా ఉంటుంది.

ఇంక పేరు. వాళ్ల ఫారంలో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గళ్లు ఉంటాయి. మనకేమో ఇంటిపేరు ముందు, అదీ ఒక అక్షరం, తర్వాత రెండు మూడు ముక్కల పేరు. అకౌంట్‌లో ఆధార్ ప్రకారం ఇంటిపేరు మొత్తం రాసి, కాగితం మీద ఒక్క అక్షరం ఉంటే సరిపోలలేదని వెనక్కి రావచ్చు. అప్‌లోడ్ చేయబోయే కాగితం మీద పేరు ఎట్లా ఉందో అకౌంట్‌లో కూడా అట్లే ఉండాలి, ముందే సరిచేసుకో. బోనఫైడ్ అడిగేటప్పుడే ఇంటిపేరు విప్పి రాయమని ఆఫీసులో చెప్పు, పదో తరగతి మెమో జిరాక్స్ చూపిస్తే రాస్తారు, అదే మేలైన దారి. కాలేజీ పేరు వెతికేటప్పుడు జేఎన్‌టీయూ అని కొట్టొద్దు, నీ కాగితం మీద ఉన్నది మీ కాలేజీ పేరు, లిస్టులో కూడా దాన్నే పట్టుకో.

ఒక హెచ్చరిక. ఈ లైసెన్సు చదువుకోవడానికే. మనూరి మేస్త్రీకో బిల్డర్‌కో ఇంటి ప్లాన్ గీసిచ్చి 1500 తీసుకుంటే అది కమర్షియల్ పని, లైసెన్సు ఒప్పుకోదు. సెకండ్ ఇయర్ నుంచే ఇది చేసేవాళ్లు నాకు చాలామంది తెలుసు, ఎవరినీ తిట్టడం లేదు, ఇంట్లో పరిస్థితులు ఎట్లుంటాయో తెలుసు, కానీ మున్సిపాలిటీ అప్రూవల్‌కి పెట్టేది ఎల్టీపీ, అంటే లైసెన్సు ఉన్న టెక్నికల్ పర్సన్, ఆయన ఆఫీసులో ఆయన సాఫ్ట్‌వేర్ మీద కూర్చుని పనిచేస్తే నీకు డబ్బూ వస్తుంది, పనీ వస్తుంది.

టీచర్_చిత్తూరు

నేను చిత్తూరులో లెక్చరర్‌ని. బోనఫైడ్ గురించి రెండు మాటలు. మామూలుగా కాలేజీ ఆఫీసులో ఇచ్చేది స్కాలర్‌షిప్ కోసమో బస్ పాస్ కోసమో తయారుచేసిన ఫార్మాట్, కొన్నిచోట్ల అది తెలుగులోనే ఉంటుంది, కొన్నిచోట్ల ఖాళీలు చేత్తో పూరిస్తారు. నీకు కావలసింది లెటర్‌హెడ్ మీద ఇంగ్లీషులో టైపు చేసింది, అందులో కోర్సు, ఏ సంవత్సరం, విద్యా సంవత్సరం, ఇచ్చిన తేదీ, ప్రిన్సిపాల్ సంతకం, స్టాంపు ఉండాలి. స్టాంపు నీ పేరు మీద పడకుండా చూసుకో, నవ్వొస్తుంది గానీ అదే జరుగుతుంటుంది. ఫోన్‌తో వంకరగా ఫోటో తీయకుండా స్కానర్ యాప్‌తో నాలుగు మూలలూ కనపడేట్టు తీయి, ఆధార్ మాత్రం ఎక్కడా పెట్టకు బాబూ, నువ్వు విద్యార్థివని ఆధార్ చెప్పదు, అనవసరంగా ఆ నంబర్ బయటికి పోతుంది.

కాలేజీ మెయిల్ విషయం మీరందరూ కలిసి అడగాల్సిన విషయం. మన దేశంలో ఏసీ డాట్ ఇన్, ఈడీయూ డాట్ ఇన్ అని ముగిసే వెబ్‌సైట్ పేర్లు ఎర్నెట్ ఇండియా అనే ప్రభుత్వ సంస్థ ద్వారానే ఇస్తారు, గుర్తింపు ఉన్న కాలేజీ అయితే తీసుకోవచ్చు. మీ కాలేజీ వెబ్‌సైట్ పేరు చివర ఏముందో చూడు, ఏసీ డాట్ ఇన్ ఉందంటే మెయిల్ పెట్టుకునే తలుపు ఇప్పటికే తెరిచి ఉన్నట్టే, ఎవరూ లోపలికి వెళ్లలేదంతే. ఆ పేరుతో మైక్రోసాఫ్ట్ దగ్గర కాలేజీ రిజిస్టర్ చేసుకుంటే ఏ1 అనే ప్లాన్ ఉచితం, పిల్లలకి వర్డ్, ఎక్సెల్, పవర్‌పాయింట్ బ్రౌజర్‌లో పనిచేస్తాయి. కంప్యూటర్‌లో ఎక్కించుకునేది మాత్రం దాంట్లో రాదు. కంప్యూటర్ సైన్స్ హెచ్‌ఓడీని ఒక కాగితం రాసి అందరూ సంతకాలు పెట్టి అడగండి, ఒక్కరు అడిగితే చూద్దాం అంటారు, అరవై మంది అడిగితే ఫైలు కదులుతుంది. మెయిల్ ఒకటి వచ్చిందంటే కోడింగ్ చేసేవాళ్లకి పనికొచ్చే గిట్‌హబ్ స్టూడెంట్ ప్యాక్, జెట్‌బ్రెయిన్స్, మైక్రోసాఫ్ట్ వాళ్ల అజ్యూర్ ఫర్ స్టూడెంట్స్ అన్నీ సులువైపోతాయి. అజ్యూర్‌లో 100 డాలర్ల క్రెడిట్ కార్డు నంబర్ అడగకుండానే ఇస్తారు. మీ సివిల్ వాళ్లకి అంత పనికిరాదు గానీ పక్క బ్రాంచివాళ్లకి చెప్పు.

కరకంబాడి_కుర్రోడు

అన్నలకి, మేడమ్‌కి చాలా థాంక్స్. బిల్లు చూశా, ఆఫీస్ హోమ్ 2024 అని రాసి ఉంది!! నాన్నకి కూడా తెలియదు. వర్డ్ తెరిచి నా మెయిల్‌తో సైన్ ఇన్ అయ్యా, యాక్టివేట్ అయిపోయింది, ఎక్సెల్ కూడా వచ్చింది. ఆ టెలిగ్రామ్ ఆయనకి వద్దులే అన్నా అని మెసేజ్ పెడితే 299కే ఇస్తా, ఈ రోజే ఆఖరు అన్నాడు. బ్లాక్ చేశా.

బోనఫైడ్‌కి అప్లికేషన్ రాసిచ్చా, సోమవారం రమ్మన్నారు. రెండు డౌట్లు. ఏడాది అయిపోయి రెన్యూ అవ్వకపోతే నేను గీసిన ఫైళ్లు తెరుచుకోవా? ల్యాబ్‌లో ఉన్న రెవిట్ పాతది, నేను ఇంట్లో కొత్తది వేసుకుంటే కాలేజీలో చూపించేటప్పుడు ఏమన్నా తేడా వస్తుందా?

ఎయిర్‌బైపాస్_సివిల్

రెండో డౌట్ అడిగి మంచి పని చేశావు, ఇది చాలామందికి రివ్యూ రోజు పొద్దున తెలుస్తుంది. రెవిట్‌లో కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన ఫైలు పాత వెర్షన్‌లో తెరుచుకోదు, వెనక్కి సేవ్ చేసే దారి కూడా లేదు. అందుకని ముందు ల్యాబ్‌లో ఏ సంవత్సరం వెర్షన్ ఉందో రాసుకో. ఎడ్యుకేషన్ పేజీలో ఇన్‌స్టాల్ బటన్ దగ్గర సంవత్సరం ఎంచుకునే చోటు ఉంటుంది, వెనకటి వెర్షన్లు కూడా కొన్ని దొరుకుతాయి, ల్యాబ్‌లో ఉన్నదే దొరికితే అదే వేసుకో. మరీ పాతదై దొరక్కపోతే లాప్‌టాప్ పట్టుకెళ్లి చూపించడమో, పీడీఎఫ్ తీసుకెళ్లడమో చెయ్యాలి. గ్రూపులో నలుగురు చేస్తున్నారంటే నలుగురూ ఒకే వెర్షన్‌లో ఉండాలి, ఒక్కడు ఉత్సాహం కొద్దీ కొత్తదాంట్లో తెరిచి సేవ్ కొట్టాడంటే మిగతా ముగ్గురూ ఔట్. ఆటోక్యాడ్ కొంచెం దయగలది, సేవ్ యాజ్‌లో పాత ఫార్మాట్ ఎంచుకోవచ్చు, 2018 ఫార్మాట్ పెట్టుకుంటే 2018 నుంచి ఇటు వచ్చినవన్నీ చదువుతాయి.

ఫైళ్లు నీవే, ఎక్కడికీ పోవు. లైసెన్సు అయిపోయినా డీడబ్ల్యూజీ, అంటే ఆటోక్యాడ్ ఫైళ్లు చూడటానికి ట్రూవ్యూ అని వాళ్లదే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, అందులో గీయలేవు, చూసి ప్రింట్ తీసుకోవచ్చు. ఫైనల్ ఇయర్ చివర్లో ముఖ్యమైన షీట్లన్నీ పీడీఎఫ్ చేసిపెట్టుకో, ఇంటర్వ్యూలకి పనికొస్తాయి.

ఇంకోటి, ఎక్కించాక 30 రోజులకి ఒకసారన్నా నెట్ తగలాలి, లైసెన్సు ఉందో లేదో చూసుకుంటుంది. సెలవులకి నెట్ అందని పల్లెకి లాప్‌టాప్ తీసుకెళ్లేవాళ్లు బయల్దేరే ముందు ఒకసారి తెరిచి సైన్ ఇన్ అయి వెళ్లండి. 8 జీబీలో ఆటోక్యాడ్ హాయిగా నడుస్తుంది, రెవిట్ మాత్రం మూలుగుతుంది, వాళ్లు కనీసం 16 అంటారు. చిన్న రెండంతస్తుల ఇల్లు వరకు క్రోమ్ మూసేసి లాగొచ్చు.

లీలామహల్_సర్వీస్

ర్యామ్ స్లాట్ ఖాళీ ఉందేమో చూపించుకో తమ్ముడూ, కొన్ని మోడళ్లలో ఒకటి బోర్డుకే అంటించి ఇంకోటి ఖాళీ వదులుతారు. సాఫ్ట్‌వేర్‌కి ఒక్క రూపాయి కాలేదు కాబట్టి నాన్న ఇస్తానన్న 5000 దీనికి అడుగు. వారంటీ ఉంది కదా, ఇప్పేముందు కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఒకమాట కనుక్కో.

తిలక్‌రోడ్_డిజైన్

సివిల్ వాళ్ల మధ్య దూరుతున్నా, డబ్బులు కట్టి తీసుకునే స్టూడెంట్ ప్లాన్ల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి. నేను పెళ్లి పత్రికలు, ఫ్లెక్సీలు డిజైన్ చేస్తా, మా చెల్లెలు విజువల్ కమ్యూనికేషన్ చదువుతా ఉంది, దానికోసం అడోబీ స్టూడెంట్ ప్లాన్ చూసినప్పుడు నిబంధనలన్నీ కూర్చుని చదివా. స్టూడెంట్ ధర అని పెద్ద అక్షరాల్లో కనిపించేది మొదటి ఏడాదికే, తర్వాతి ఏడాది ధర పెరుగుతుంది, అది కింద చిన్నగా ఉంటుంది. నెలనెలా కట్టే వార్షిక ప్లాన్ అనేది పేరుకి నెలవారీ గానీ ఒప్పుకున్నది ఏడాదికి. మొదటి 14 రోజుల్లో రద్దు చేస్తే మొత్తం వెనక్కి ఇస్తారు, ఆ తర్వాత మధ్యలో మానేస్తే మిగిలిన నెలల డబ్బులో సగం కట్టమంటారు. మూడు నెలల ప్రాజెక్టు కోసం ఇందులో దిగేవాళ్లు లెక్క వేసుకుని దిగండి.

కార్డు విషయం. 2020లో ఆర్‌బీఐ పెట్టిన రూలు ప్రకారం కొత్తగా ఇచ్చే కార్డుల్లో ఆన్‌లైన్ వాడకం, విదేశీ చెల్లింపులు రెండూ మూసే ఉంటాయి, బ్యాంకు యాప్‌లో మనమే ఆన్ చేసుకోవాలి. చాలామంది కార్డు పనిచేయలేదు అనుకుని సాఫ్ట్‌వేర్ సైట్‌ని తిడతారు, స్విచ్ అక్కడ ఉంటుంది. పని అయ్యాక మళ్లీ ఆఫ్ చేసెయ్యండి. ఆటోమేటిక్‌గా కోసుకునే చెల్లింపులకి 24 గంటల ముందు బ్యాంకు నుంచి మెసేజ్ రావాలి, 15000 లోపు అయితే ఓటీపీ లేకుండానే పోతుంది. ఆ మెసేజ్ వచ్చినప్పుడు చూడకుండా తోసేస్తే రెన్యువల్ రేటు మొత్తం కట్ అయిపోతుంది. అక్కడ కనపడే ధరకి 18 శాతం జీఎస్టీ కలిసిందో లేదో కూడా ఆఖరి పేజీలో చూసుకోండి.

ఇవన్నీ ఎందుకు, బొమ్మలు, పోస్టర్లు నేర్చుకోవడానికి అయితే ఇంక్‌స్కేప్, క్రీటా, గింప్ ఉచితం, ఫిగ్మా వాళ్లు స్టూడెంట్స్‌కి ఉచితంగా ఇస్తారు. ప్రెస్సువాళ్లు ఫోటోషాప్ ఫైలే అడిగితే అప్పుడు కొనండి. ఫోటోషాప్‌లో తెలుగు ఒత్తులు విడిపోతున్నాయని ఏడ్చేవాళ్లకి ఒక మాట, పాత ఫోటోషాప్ వెర్షన్ అయితే ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గర వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోండి, ఒత్తులు సరిగ్గా కూర్చుంటాయి.

ఈసీఈ_కాళహస్తి

లెక్కలు, సిగ్నల్స్ ప్రోగ్రాములు రాసే మ్యాట్‌ల్యాబ్ సంగతి కూడా ఎవరైనా చెప్పండి. సిగ్నల్స్ ల్యాబ్ రికార్డుకి కావాలి. స్టూడెంట్ వెర్షన్ కొనాలా

టీచర్_చిత్తూరు

ముందు మీ కాలేజీకి క్యాంపస్ లైసెన్సు ఉందేమో కనుక్కో, ఉంటే కాలేజీ మెయిల్‌తో అకౌంట్ తెరిస్తే చాలు, విడిగా కొనక్కర్లేదు. లేకపోతే మ్యాట్‌ల్యాబ్ ఆన్‌లైన్ బ్రౌజర్‌లో నెలకి 20 గంటలు ఉచితంగా వాడుకోవచ్చు, మన రికార్డులో ఉండే కాన్వొల్యూషన్, ఎఫ్‌ఎఫ్‌టీ ప్రోగ్రాములకి అది ధారాళం. ఇంట్లో రోజంతా కావాలంటే జీఎన్‌యూ ఆక్టేవ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకో, సింటాక్స్ దాదాపు అదే. సిగ్నల్ ప్యాకేజీ విడిగా ఎక్కించి ప్రోగ్రాం మొదట్లో లోడ్ చెయ్యాలి, అది మర్చిపోతే ఫంక్షన్ లేదని ఎర్రర్ వస్తుంది. బ్లాకులు కలిపి మోడల్ చేసే సిమ్యులింక్ మాత్రం ఆక్టేవ్‌లో లేదు, నీ ప్రాజెక్టులో సిమ్యులింక్ మోడల్ ఉంటే అప్పుడు స్టూడెంట్ వెర్షన్ కొనడంలో అర్థం ఉంది, అదీ ఫైనల్ ఇయర్‌లో.

బీకామ్_పలమనేరు

ఇంజనీరింగ్ వాళ్లకేనా అన్నీ. మాకు టాలీ కావాలి, నేర్చుకోవడానికి. ఒక సెంటర్‌లో సాఫ్ట్‌వేర్‌కి అదనంగా 2000 అడుగుతున్నారు, ఇవ్వాలా?

లీలామహల్_సర్వీస్

ఇవ్వొద్దు చెల్లెమ్మా. కోచింగ్ ఫీజు వేరు, అది వాళ్ల చదువు చెప్పే డబ్బు, సాఫ్ట్‌వేర్‌కి విడిగా ఎందుకు? టాలీ వాళ్ల సొంత వెబ్‌సైట్ నుంచి టాలీప్రైమ్ దించుకుని ఎక్కించు, లైసెన్సు అడిగే స్క్రీన్ వచ్చినప్పుడు ఎడ్యుకేషనల్ మోడ్‌లో కొనసాగించు అనేది ఎంచుకో. కంపెనీ సృష్టించడం, లెడ్జర్లు, స్టాకు, వోచర్లు అన్నీ చేసుకోవచ్చు. తేడా ఒక్కటే, నెలలో 1, 2, 31 తేదీల్లోనే ఎంట్రీలు వేయనిస్తుంది, మిగతా తేదీలు వేస్తే ఒప్పుకోదు. పుస్తకంలో లెక్క 14వ తేదీ అని ఉంటే నువ్వు 2 అని వేసుకుని చెయ్యి, బ్యాలెన్స్ షీట్‌కి తేడా రాదు. వడ్డీ లెక్కలు, బాకీల వయసు చూపించే రిపోర్టులు మాత్రం తేదీల మీద నడుస్తాయి కాబట్టి అవి సెంటర్‌లో ఉన్న లైసెన్సు మిషన్ మీద చేసుకో, ఆ మిషన్ మీద ఎంతసేపు కూర్చోనిస్తారో ఫీజు కట్టేముందే అడుగు.